ఎడమ నుంచి రెండో సమాధి

మీరు మరిచిపోయి ఉంటారని కాదు, నాకే ఇంకా నమ్మబుద్ధి కాక మళ్ళీ చెప్పుకుంటున్నాను. పార్కులో ఎడమ నుంచి రెండో సమాధిలో ఉన్నది మా హొమాయూన్ కాదని మొన్న అమరుల వివరాలు చూసే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఎముకల పరీక్షలో పేరు తేలిందట. గొనాబాద్ దగ్గర ఏదో పల్లెటూరి కుర్రాడు, సఫర్ అలీ. వాళ్ళమ్మ రక్తంతో సరిపోయిందట. ఫోను ఎత్తింది మా ఆయన ఈరజ్, హొమాయూన్ తమ్ముడు. ఒకప్పుడు నాకు మరిది, ఇప్పుడు మొగుడు. కొత్తగా చదివేవాళ్ళు ముక్కున వేలేసుకోకండి. యుద్ధం అయ్యాక మా హమదాన్‌లో నాలాంటి కోడళ్ళు వీధికొకరు తేలారు.

ఈ సంగతి అత్తయ్యకి చెప్పే పని ఈరజ్ నా మీదికి నెట్టాడు, నేను ఈరజ్ మీదికి నెట్టాను. ఇద్దరం నెట్టుకుంటూ ఉండగానే గురువారం వచ్చి కూర్చుంది. గురువారం సాయంత్రం మా అత్తయ్య తూబా ఖానం ఇంట్లో ఉండదు. చనిపోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళే రోజు కదా. పొద్దున్నే పిండి వేయించి హల్వా చేస్తుంది, గులాబీ నీళ్ళ సీసా సంచిలో పెడుతుంది, మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని "పద మెహ్రీ, వాడు ఎదురుచూస్తుంటాడు" అంటుంది.

ఆ సమాధి మాదెలా అయిందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నా పెళ్ళి కూడా దాని మీదే నిలబడి ఉంది.

పెళ్ళయి రెండు నెలలు తిరక్కుండా హొమాయూన్ యుద్ధానికి వెళ్ళాడు. ఆ తరవాత కబురు లేదు. యుద్ధం ముగిసింది, ఖైదీలు బస్సుల్లో తిరిగొచ్చారు, వచ్చిన ప్రతి బస్సు దగ్గరా నేను ఫొటో పట్టుకుని నిలబడ్డాను. పోయాడని చెప్పినవాడు లేడు, ఉన్నాడని చెప్పినవాడూ లేడు. పోయినట్టే లెక్క అని కోర్టు కాగితం ఇచ్చినా నేను నల్లబట్టలు విప్పలేదు. మా అమ్మ ఏడ్చింది, అన్న తిట్టాడు. నేను వింటేగా. అలా ఏళ్ళు గడిచాక మా పార్కు మధ్యలో దిబ్బ మీద ఐదుగురు పేరు తెలియని అమరుల్ని పూడ్చారు. ఊరంతా కదిలి వెళ్ళింది. ఆ వారంలోనే అత్తయ్యకి కల వచ్చింది.

కలలో హొమాయూన్ తడిసిన సైనిక దుస్తుల్లో ఉన్నాడట. మోకాళ్ళదాకా బురద. చేతిలో చీల్చిన దానిమ్మ పండు. "అమ్మా, నాకోసం వెతకడం ఆపండి. పార్కులో ఎడమ నుంచి రెండోవాణ్ణి నేనే. మెహ్రీ చేత ఆ నల్లబట్టలు విప్పించు. మన ఈరజ్‌కి ఇచ్చి చెయ్యి. నామీద ఒట్టు, ఏడవొద్దని చెప్పు" అన్నాడట. అమరుడు కలలోకి వచ్చి చెప్పిన మాటని కాదనే గుండె మా దగ్గర ఎవరికుంది? మా అన్న నోరు మూతపడింది. ముల్లాగారు కళ్ళు తుడుచుకున్నారు. నేను తల వంచాను. ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు, పెద్దదానికి పెళ్ళి సంబంధాలు చూస్తున్నాం. అత్తయ్య ఆ కలని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పింది. ఎప్పుడు చెప్పినా ఒక్క మాట అటూ ఇటూ పోలేదు.

ఎముకల పరీక్ష కోసం తల్లుల రక్తం తీసుకుంటున్నారని తెలిసినప్పుడు పార్కులో మిగతా సమాధుల్ని తమ కొడుకులవే అనుకునే తల్లులంతా వెళ్ళి ఇచ్చొచ్చారు. మా అత్తయ్య మాత్రం కదల్లేదు. "నా కొడుకు ఎక్కడున్నాడో నాకు తెలుసు. సూదులు పొడిపించుకోవాల్సిన ఖర్మ నాకేంటి?" అని కొట్టిపారేసింది. అదీ ఆవిడ పొగరు అనుకున్నాను.

ఈ గురువారం మధ్యాహ్నం బయల్దేరబోతుండగా ఈరజ్ నన్ను వంటింట్లోకి లాగాడు. చెమటలు కక్కుతున్నాడు.

"మెహ్రీ, ఒక పొరపాటు జరిగింది."

"ఒకటేనా?"

"వేళాకోళం కాదే. ఆ ఆఫీసాయనతో మాట్లాడేటప్పుడు నోరు జారాను. మా అమ్మకి కలలో కనిపించాడండీ, ఇన్నేళ్ళూ ఆ సమాధినే కొడుకనుకుని వెళ్తోందండీ అని చెప్పేశాను. ఆయన వెళ్ళి ఆ సఫర్ వాళ్ళమ్మకి చెప్పాడట. ఆవిడ కూర్చున్న పళంగా బస్సెక్కేసిందట."

"ఎప్పుడు?"

"నిన్న రాత్రి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ నోటికి తాళం వెయ్యాలి ఈరజ్. మీ అమ్మకి చెప్పడానికి నోరు పెగల్లేదు గానీ, ముక్కూముఖం తెలియనివాడికి కలతో సహా చెప్పావా?" అని దులిపేశాను. హాల్లోంచి అత్తయ్య చెప్పుల చప్పుడు వినిపించి ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం.

ఆ దారంతా నేను నడిచానో పరిగెత్తానో నాకే తెలియదు. ఒక్కోసారి అత్తయ్య చెయ్యి వదిలేసి ముందుకెళ్ళిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి పట్టుకునేదాన్ని.

"ఏమే, కాలు కాలిన పిల్లిలా ఏంటా నడక? నన్ను కూడా ఆ సమాధుల పక్కన పడుకోబెడతావా ఏం?"

"చలిగా ఉంది అత్తయ్యా."

"కార్తె మారింది, చలి ఉండదా మరి? నీకు ఈ వయసులో కొత్తగా చలి వేస్తోందా?"

పార్కు ఎప్పటిలాగే ఉంది. కొలనులో హంస బొమ్మల పడవలు, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాడి పొగ, బంతి కోసం కొట్టుకునే పిల్లలు. వాల్‌నట్ చెట్ల ఆకులు సగం రాలిపోయాయి. మెట్లెక్కి దిబ్బ మీదికి వెళ్తే రేకు కప్పు కింద ఐదు తెల్లరాళ్ళు వరసగా ఉంటాయి. మా తల్లులు వాటిని ఎప్పుడో పంచేసుకున్నారు. ఒకరి రాయి దగ్గర ఇంకొకరు హల్వా పళ్ళెం పెడితే ఆ వారమంతా మాటలుండవు. అదృష్టం, ఆ రోజు చలికి ఎవరూ రాలేదు.

అత్తయ్య రెండో రాయి పక్కన చాప పరిచి కూర్చుంది. గులాబీ నీళ్ళు పోసి అరచేత్తో రాయంతా తుడిచింది. రెండు వేళ్ళు రాయి మీద ఆనించి, పోయినవాళ్ళకి చేసే ప్రార్థన, ఫాతిహా, చదివింది. నేను చదువుతున్నట్టు పెదాలు ఆడించాను గానీ నా కళ్ళు మెట్ల మీదే ఉన్నాయి. ఎవరి తల పైకి తేలినా ఆవిడేననుకునేదాన్ని. ఒకసారి బెలూన్లమ్మేవాడు, ఒకసారి కాలేజీ పిల్లలు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ హల్వా ముక్క వేసుకుని నమిలాను.

"మూడోది కూడా తిను. వచ్చేపోయేవాళ్ళకి పంచడానికి తెచ్చింది, నువ్వు ఖాళీ చెయ్యడానికి కాదు" అంది అత్తయ్య.

"అత్తయ్యా, మీతో ఒక మాట..."

అప్పుడు ఆవిడ మెట్లెక్కి వచ్చింది.

చెప్పకుండానే తెలిసిపోయింది. మా వైపు నల్ల ముసుగు చాదర్ కాదు, పూలపూల పల్లెటూరి చాదర్. చిన్న మనిషి, ఎండకి కమిలిన ముఖం. చంకలో గుడ్డమూట. వెనక అల్లుడు కాబోలు, ఒకతను మెట్ల దగ్గరే ఆగిపోయాడు. ఆవిడ మాత్రం ఆగలేదు. ఎడమ చివర నిలబడి వేలితో "ఒకటి, రెండు" అని లెక్కపెట్టుకుంది. రెండు దగ్గర మా చాప ఉంది, చాప మీద మా అత్తయ్య ఉంది.

"సలాం అలేకుం అక్కా. ఇదేనా రెండోది?"

"వలేకుం సలాం. ఇదేనమ్మా. ఫాతిహా చదువుతావా? హల్వా తీసుకో."

"నా పేరు బీబీగుల్. గొనాబాద్ కాడ నుంచి వచ్చినా." ఆవిడ రాయికి అవతలివైపు కూర్చుంది. "అక్కా, నీ మనసుకు కష్టం తెచ్చేదానికి రాలా. నీ కాళ్ళు పట్టుకుంటా, నన్ను తిట్టబాక. ఈడ ఉండేది నా బిడ్డంట. సఫరు. నా రక్తం తీసుకుని చూసి చెప్పినారు."

నేను గభాల్న వెళ్ళి అత్తయ్య భుజాలు పట్టుకున్నాను. పడిపోతుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. ఆవిడ నోరు ఎలాంటిదో ఊరందరికీ తెలుసు. మాత్రల డబ్బా కోసం సంచిలో చెయ్యి పెట్టి వెతుకుతున్నాను కూడా. కానీ ఆవిడ నా చేతులు తీసి పక్కన పెట్టింది. బీబీగుల్ ముఖంలోకి కాసేపు చూసింది. తరవాత చాప మీద పక్కకి జరిగింది.

"ఇటొచ్చి కూర్చో చెల్లీ. నేల చల్లగా ఉంది. ఇది నీ చోటు."

అంతే. ఇన్నేళ్ళు గురువారం గురువారం కడిగిన రాయిని, పక్కింటావిడకి కుర్చీ ఇచ్చినట్టు ఇచ్చేసింది. నాకు దుఃఖం రావాలి, రాలేదు. ఏదో తేడాగా ఉందనిపించింది. కొడుకు చేజారిపోతున్న తల్లి అలా జరుగుతుందా?

బీబీగుల్ జరిగి కూర్చుని రాయి మీద చెంప ఆనించింది. "సఫరూ, అమ్మను రా. ఎంత దూరం వచ్చి పండుకుంటివి నాయనా" అని, ఇంకేదో గొణిగింది, వినపడలేదు. నేను తల తిప్పుకున్నాను. అలాంటివి చూడకూడదు.

కాసేపటికి లేచి కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఆవిడ వేళ్ళ కొసలు పసుపుపచ్చగా ఉన్నాయి.

"పూలు కోస్తా కోస్తా వచ్చేసినా అక్కా. మాది కుంకుమపువ్వు పంట. ఇప్పుడే పూత. ఆఫీసాయన చెప్పినాడు, నీకు కలలో కనపడినాడంట కదా. అది విన్నాక ఇంక కాలు నిలవలేదు నాకు." బీబీగుల్ అత్తయ్య చేతులు రెండూ పట్టుకుంది. "ఈడ పండుకునింది వాడే అయితే నీ కలలోకి వచ్చింది కూడా వాడే కదా? ఏమక్కా?"

పట్టుకున్న చేతులు వదలకుండానే ఆవిడ చెప్పుకుపోయింది.

"వాడు పోయినపొద్దు కూడా పూతే. తెల్లారకముందే మూట కట్టుకుని చేనికాడికి వచ్చినాడు. పొద్దెక్కితే పూలు వాడిపోతాయి కదా, నేను వంగినదాన్ని వంగినట్టే ఉండా. తలకూడా ఎత్తలా. పోయిరా నాయనా అంటి, అంతే. వాడు కొంచేపు నిలబడి పాయ. అప్పటినుంచీ ఒక్క రాత్రి కూడా నా కలలోకి రాలా అక్కా. మా ఊర్లో అందరి బిడ్డలూ వస్తారు తల్లుల కలల్లోకి. నా బిడ్డకు నామీద కోపం. ఎవరో తెలియని నీ కాడికి వచ్చినాడు గాని నాకాడికి రాలా. ఎట్లుండాడు అక్కా? ఏం తొడుక్కోనుండాడు? నా మాటేమన్నా ఎత్తినాడా? ఒక్కటి చెప్పు చాలు. నీ ఋణం ఉంచుకోను."

ఇప్పుడు అత్తయ్య ఆ కల చెబుతుంది. మెహ్రీ, ఈరజ్, నల్లబట్టలు. అందులో బీబీగుల్ మాట ఒక్కటి కూడా లేదు. కొడుకు తల్లి పేరైనా ఎత్తకుండా ముక్కూముఖం తెలియని నా పెళ్ళి సంగతి చూసి వెళ్ళాడని ఈ మనిషికి ఎలా చెబుతాం? అయినా ఆ కలలో వచ్చింది నిజంగా సఫరే అయితే, నా పెళ్ళి చేసింది ఎవరు? గొనాబాద్ పల్లెటూరివాడా? నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అత్తయ్య బీబీగుల్ పసుపు వేళ్ళని తన అరచేతిలో పెట్టుకుని నిమిరింది.

"తెల్లచొక్కా వేసుకున్నాడు చెల్లీ" అంది నెమ్మదిగా. "ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా. నవ్వుతూనే ఉన్నాడు. చేతిలో గంప, గంపనిండా ఊదారంగు పూలు. నాకు అవేం పూలో తెలియలేదు, మా వైపు పూయవు కదా. వేళ్ళు చూస్తే నీ వేళ్ళలాగే పచ్చగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ నాకు అర్థం కాలేదు. నిన్ను చూశాక ఇప్పుడు అర్థమైంది."

"యా అల్లా" అంది బీబీగుల్. "గంప పట్టుకున్యాడా?"

"పట్టుకున్నాడు. మా అమ్మ తల ఎత్తకపోవడమే మంచిదైంది, ఎత్తి ఉంటే నేను వెళ్ళలేకపోదును అన్నాడు. కోపం లేదు చెల్లీ. కోపం ఉన్న ముఖం కాదది."

బీబీగుల్ ఒక్కసారి భోరుమంది. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. అత్తయ్య చేతులు కళ్ళకి అద్దుకుంది, నుదుటికి అద్దుకుంది, అల్లుణ్ణి కేకేసి "విన్నావా? కోపం లేదంటరా వానికి" అని రెండుసార్లు చెప్పింది. తరవాత చటుక్కున లేచి, కొడుకు రాయిని తన చేత్తో కడగాలని, నీళ్ళెక్కడని అడిగింది. కింద కొలను దగ్గర కొళాయి చూపించాను. ఖాళీ అయిన మా గులాబీ నీళ్ళ సీసా తీసుకుని చిన్నపిల్లలా మెట్లు దిగి వెళ్ళింది. అల్లుడు వెనకే పరిగెత్తాడు.

నేను అత్తయ్య ఎదురుగా కూర్చున్నాను.

"దానిమ్మ పండేదీ అత్తయ్యా?"

"ఏ దానిమ్మ?"

"చీల్చిన దానిమ్మ. తడిసిన బట్టలు, మోకాళ్ళదాకా బురద. ఇన్నేళ్ళూ ఒక్క మాట మార్చకుండా చెప్పారు, నాకు కంఠతా వచ్చు. ఇవాళ తెల్లచొక్కా ఎక్కణ్ణించి వచ్చింది?"

"ఆవిడ అంత దూరం నుంచి వచ్చింది. ఖాళీ చేతులతో పంపమంటావా?" సంచి సర్దడం మొదలుపెట్టింది. "ఆ హల్వా మూత పెట్టు, ఎండిపోతుంది."

"హల్వా సంగతి తరవాత. ఆవిడకి ఇప్పుడు కల్పించి చెప్పారు. ఎంత చక్కగా కల్పించారో చూశాను, కన్ను ఆర్పకుండా. మరి అప్పుడు నాకు చెప్పింది?"

అత్తయ్య చేతులు ఆగిపోయాయి. వయసు మళ్ళిన ఆ ముఖంలో నేను ఎప్పుడూ చూడని భయం కనిపించింది. నాకు అది చాలు. జవాబు రానక్కర్లేదు.

"కల రాలేదు" అంది చివరికి. "ఇవాళ ఆవిడకి చెప్పిందీ రాలేదు, అప్పుడు నీకు చెప్పిందీ రాలేదు. నీ ఈడు ఆడపిల్లలు చంకలో బిడ్డల్నేసుకుని తిరుగుతుంటే నువ్వు బస్సుల దగ్గర ఫొటో పట్టుకుని నిలబడ్డావు. ఎవరు చెప్పినా వినలేదు. చచ్చినవాడు చెబితే వింటావని తెలుసు."

ఒక్కసారిగా నాకు కోపం ఎంత వచ్చిందంటే, ఆవిడ పెద్దరికం, ఆ చోటు, ఏదీ గుర్తురాలేదు. "నా బతుకు మొత్తం మీ నోటి అబద్ధం మీద కట్టారా? నామీద ఒట్టు అన్నాడని చెప్పారు! ఆ ఒక్క మాటకి కదా నేను తల వంచింది. ఆ మాట రాత్రిళ్ళు ఎన్నిసార్లు తలుచుకుని ఏడ్చానో మీకు తెలుసా? అది కూడా మీరే అల్లారా?"

"మెల్లగా మాట్లాడు. కింద ఆవిడ వింటుంది."

"విననివ్వండి!"

"మాటలు నేను అల్లలేదు మెహ్రీ." అత్తయ్య నా కళ్ళలోకి చూసింది. ఈసారి తల దించుకోలేదు. "కల అల్లాను. దానిమ్మ, బురద, నేను పెట్టినవే. పార్కు మాట కలిపాను. మిగతాది వాడు అన్నదే. వాడు అన్నది అన్నట్టే నీకు చెప్పాను. కన్న కొడుకు నోట్లో నా మాట పెట్టే తల్లిని కాను."

ఆ క్షణంలో నాకు కాస్త ఊపిరి ఆడింది. దొరికిన ఆధారం పట్టుకున్నాను. "అయితే యుద్ధానికి వెళ్ళేముందు అన్నాడా? నాకేమైనా అయితే మెహ్రీని ఈరజ్‌కి ఇవ్వమని? అదా?"

అత్తయ్య తల అడ్డంగా ఊపింది.

"పిచ్చిదానా, వాడు వెళ్ళేనాటికి నువ్వు ఎర్రగౌను వేసుకుని గుమ్మంలో నిలబడ్డావు. నల్లబట్టలు విప్పించమని అప్పుడు ఎలా అంటాడే?"

కింద కొళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. బీబీగుల్ ఏదో పాటలాంటిది గొణుక్కుంటూ మెట్లెక్కుతోంది.

"ఆ ఐదుగుర్నీ ఇక్కడ పూడ్చిన వారం, నువ్వు రొట్టెల కోసం బజారుకి వెళ్ళావు" అంది అత్తయ్య. "ఇంట్లో ఫోను మోగింది. నేనే ఎత్తాను."